బిడ్డను అడగని తీర్పులు

అనీబిసెంట్ అనగానే హోంరూల్ ఉద్యమమూ, అడయారు దివ్యజ్ఞాన సమాజమూ తలపుకొస్తాయి. మదనపల్లెలో ఆమె పేరున కళాశాల కూడా ఉంది. ఆమె పడిన కడుపుకోత మాత్రం ఎక్కువమందికి తెలియదు.

1867లో ఆమె ఫ్రాంక్ బిసెంట్ అనే చర్చి గురువును పెళ్లాడింది. డిగ్బీ, మేబెల్ అని ఇద్దరు బిడ్డలు. మేబెల్ పసితనంలో కోరింత దగ్గుతో చావు అంచుదాకా వెళ్లింది. ఆ రాత్రుల్లోనే తల్లికి దేవుడి మీద నమ్మకం సడలింది. నమ్మకం లేని ప్రార్థనలో పాల్గొనలేనంది. భర్త ఒప్పుకోలేదు. 1873లో విడిపోతూ పత్రం రాసుకున్నారు: కొడుకు తండ్రి దగ్గర, కూతురు తల్లి దగ్గర.

ఆ రాతకు ఐదేళ్ల ఆయుష్షే మిగిలింది. 1877లో ఆమె నాస్తికవాది చార్లెస్ బ్రాడ్‌లాతో కలిసి సంతాన నిరోధం మీద ఒక చిన్న పుస్తకం ప్రచురించింది. అందుకు పెట్టిన కేసులో పడిన జైలుశిక్ష అప్పీలులో రద్దయింది. అసలు శిక్ష 1878లో వేరే కోర్టులో పడింది. బిడ్డకు మతబోధ చేయడం లేదనీ, అలాంటి పుస్తకం అచ్చువేసిందనీ న్యాయమూర్తి సర్ జార్జ్ జెస్సెల్ మేబెల్‌ను తండ్రికి అప్పగించాడు. తన తరఫున తానే వాదించుకున్న ఆ తల్లి ఓడిపోయి మంచాన పడింది. మరుసటి ఏడు అప్పీలు కోర్టూ అదే మాట చెప్పింది. తొలి తీర్పు నాటికి ఎనిమిదేళ్లయినా నిండని ఆ పిల్లను, నువ్వెవరి దగ్గర ఉంటావమ్మా అని అడిగి ఆ మాటను బట్టి తేల్చాలని ఎవరికీ తోచలేదు.

మూడు దశాబ్దాల తరువాత అదే వ్యాజ్యం ఆమె జీవితంలోకి తిరగబడి వచ్చింది. రెవెన్యూ ఉద్యోగం చేసి విరమించిన తెలుగాయన జిడ్డు నారాయణయ్య, 1909లో బిడ్డల్ని వెంటబెట్టుకుని అడయారు చేరాడు. భార్య సంజీవమ్మ అప్పటికే లేదు. కొడుకు కృష్ణమూర్తిలో రాబోయే జగద్గురువు ఉన్నాడని సమాజం నమ్మింది. 1910లో నారాయణయ్య, కృష్ణమూర్తితో పాటు అతని తమ్ముడు నిత్యానంద సంరక్షణను కూడా బిసెంటుకు రాసిచ్చాడు. తరువాత ఆయన మనసు కుదుటపడలేదు. పిల్లలు సముద్రం దాటాక, 1912లో, నా బిడ్డల్ని నాకిప్పించండని కోర్టుకెక్కాడు. 1913లో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది, అప్పీలులోనూ అదే నిలిచింది. ఒకనాడు తండ్రి హక్కు ముందు ఓడిన తల్లి, ఇప్పుడు మరో తండ్రితో పోరాడుతూ లండన్ ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లింది. 1914లో అక్కడ ఆమె గెలిచింది. తండ్రి సంరక్షణ ఒక పవిత్ర బాధ్యత, దాన్ని ఇచ్చినా వెనక్కి తీసుకోవచ్చునని ఆ న్యాయమూర్తులు ఒప్పుకున్నారు. కానీ పిల్లల మేలు చూడకుండా, వాళ్ల ఇష్టం తెలుసుకోకుండా ఇచ్చిన ఉత్తర్వు నిలవదన్నారు. అప్పటికి కృష్ణమూర్తికి పంతొమ్మిదేళ్లు. నారాయణయ్య మాట గెలిచింది, చేతిలో బిడ్డలు మిగల్లేదు.

ఇందులో గుండె కోసే సంగతి ఒకటుంది. తన ఇష్టం చెప్పగల వయసు బిడ్డకు వస్తే కోర్టు దాన్ని పరిశీలించవచ్చునని 1890 నాటి మన సంరక్షకుల చట్టంలోనే ఉంది. దారి ఉండి కూడా మద్రాసులో ఆ అన్నదమ్ముల మాటకు చోటు దొరకలేదు.

నేడు 1956 నాటి హిందూ మైనారిటీ చట్టం బిడ్డ సంక్షేమానికే అగ్రస్థానమిచ్చింది. ఐదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలంది. ఫ్యామిలీ కోర్టుల్లో జడ్జిలు పిల్లల్ని ఛాంబర్లోకి పిలిచి మాట్లాడుతున్నారు. బిడ్డ దగ్గర ఉండని తల్లికో తండ్రికో వారాంతాలు, సెలవులు పంచుతున్నారు. అయినా విడిపోయే దంపతులు ఎందరో బిడ్డను ఇంకా ఆస్తి వాటాలాగే లాగుతున్నారు. నేర్పించిన మాటలు చెప్పించి బిడ్డ గొంతునే సాక్ష్యంగా వాడుకుంటున్నారు. భార్యాభర్తల బంధానికి విడాకులుంటాయి, అమ్మానాన్నల బంధానికి ఉండవు. ఈ మాట కోర్టు మెట్లెక్కకముందే ఒప్పుకున్న తల్లిదండ్రులు తమ బిడ్డను మేబెల్ కాకుండా కాపాడుకున్నట్టే.