బోదకాలు మాత్ర

మా నాయనమ్మకి బోదకాలు. భీమవరం దగ్గర మా ఊళ్ళో ఆవిడ ఈడువాళ్ళకి అదేమీ వింత కాదు. నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో సెలవులకి ఇంటికెళ్తే, ఆరోగ్య కార్యకర్త వచ్చి తన ఎదురుగానే మా చేత డీఈసీ మాత్రలు మింగించేది. "నా కాలు ఎలాగూ తగ్గదు, మీరైనా వేసుకోండిరా" అనేది నాయనమ్మ.

ఆ మందు వెనక ఉన్నది భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారని న్యూజెర్సీ వచ్చాక గానీ నాకు తెలీలేదు. ఇద్దరు అన్నదమ్ముల్ని స్ప్రూ జబ్బు తీసుకుపోయింది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపమొచ్చి, ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. ఆ పట్టాతోనే హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమాకి వచ్చారు. ఇక్కడ డాక్టరుగా పని దొరకలేదు. ఆసుపత్రిలో రాత్రిపూట బెడ్‌పాన్లు కడిగి చదువుకున్నారు. కంపెనీ టికెట్ కొనిస్తే వచ్చిన నాలాంటివాడికి అది చదువుతుంటే సిగ్గేసింది.

తర్వాత బయోకెమిస్ట్రీకి మారారు గానీ, మన జబ్బుల్ని వదల్లేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరాక, ఆయన బృందం స్ప్రూకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. 1947లో డీఈసీ వచ్చింది. మరుసటేడే, 53 ఏళ్ళకి, పెర్ల్ రివర్‌లో పోయారు. మా ఇంటినుంచి అరగంట డ్రైవు.

ఆయన మళ్ళీ ఇండియా వెళ్ళనేలేదు. ఆ మందు మాత్రం మా గుమ్మం దాకా వచ్చింది. నాయనమ్మ ఉండగా తెలిసుంటే చెప్పేవాణ్ణి.