వైద్యశాల దస్త్రము – దానిని కాచు విద్య

వైద్యమనగానే మనకు వైద్యుడును, మందును, సూదియును జ్ఞప్తికి వచ్చును. రోగి పేరు, ఊరు, వయస్సు, వచ్చిన జబ్బు, ఇచ్చిన మందు వ్రాసి భద్రపరచువాడు జ్ఞప్తికి రాడు. కాని వైద్యుడు మారినను, రోగి స్పృహ తప్పియున్నను, వాని పూర్వవృత్తాంతమును చెప్పగలది ఆ వ్రాతయే. ఆ వ్రాత నేడు కాగితము విడిచి కంప్యూటరులో చేరుచున్నది. వైద్యశాలలలో ఆ యంత్రములను నిలకడగా నడపించుట యొక ప్రత్యేకవృత్తి యైనది. ఆ వృత్తి మన ప్రాంతమునకు ఏ మార్గమున వచ్చెనో, దానికి ఎట్టి శిక్షణ కావలెనో గ్రామపెద్దలు తెలిసికొనుట మంచిది. ఇంటి పిల్లలు ఏ చదువు చదువవలెనని మొదట అడుగునది పెద్దలనే కదా.

చివ్వెంల నిజాము పాలనలో నల్లగొండ జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11వ తేదీన సూర్యాపేట జిల్లా ఏర్పడగా దానిలో చేరినది. పూర్వము గ్రామపు వ్రాతలన్నియు పటేలు పట్వారీల చేతులలో నుండెడివి. పహాణీ యైనను, శిస్తు లెక్క యైనను, పట్వారీ దస్త్రము విప్పినగాని తెలియదు. ఆ విద్య తండ్రివద్ద కొడుకు నేర్చుకొనునది. తక్కిన గ్రామమునకు అందనిది. దస్త్రము గలవాని యెదుట లేనివాడు చేతులు కట్టుకొని నిలువవలసి వచ్చుట పెద్ద లెరిగినదే. 1984లో ఆ గ్రామోద్యోగములు రద్దయ్యెను. వ్రాత యెవరి చేతిలో నుండునో బలము వారిదే యగునని ఆ చరిత్ర మనకు బోధించుచున్నది. కావున వ్రాతను కాచువానికి నేర్పు ఎంత కావలెనో నీతియు అంత కావలెను.

వైద్యములో వ్రాతకు గౌరవము తెచ్చినవారిలో ఇంగ్లండు దేశపు ఫ్లారెన్సు నైటింగేలు ముఖ్యురాలు. 1854లో ఆమె క్రిమియా యుద్ధమున గాయపడిన సిపాయిలకు సేవ చేయబోయెను. గాయములకంటె మురికివలన వచ్చిన జబ్బులచేతనే వారెక్కువగా మరణించిరని తరువాత లెక్కలతో నిరూపించెను. 1893లో ఫ్రెంచి పండితుడు జాక్ బెర్తియ్యో మరణకారణములకు అంతర్జాతీయమైన పట్టిక నొకదానిని కూర్చెను. ఊరికొక పేరుగల జబ్బును అన్ని దేశములందును ఒకే గుర్తుతో వ్రాయు పద్ధతి దానినుండియే పెరిగినది.

మన పల్లెలలో ఈ వ్రాతపని భారము నర్సమ్మపై బడినది. మైదానప్రదేశమున ఒక ఆరోగ్య ఉపకేంద్రమునకు 5,000 జనము ప్రమాణము. గర్భిణుల పట్టిక, టీకాల పట్టిక, పుట్టుక చావుల పట్టిక – ఒకే యింటి సంగతిని ఆమె పలు రిజిస్టర్లలో మరల మరల వ్రాసి, నెలాఖరున కూడికలు వేసి పైకి పంపవలెను. రోగి యొద్ద గడపవలసిన పొద్దు కాగితము మ్రింగివేసెను. ఈ కష్టము తొలగించుటకై మొదట రాజస్థానమందలి అజ్మీరు జిల్లాలో ఒక ప్రయోగము జరిగెను. పిదప, ఈ శతాబ్దారంభమున, ప్రపంచబ్యాంకుకు చెందిన ఇన్ఫోడెవ్ సహాయముతో, సీ.ఎం.సీ. సంస్థ చేసిన ఏర్పాటుతో, మన నల్లగొండ జిల్లాలోనే నర్సమ్మలకు అరచేతిలో ఇముడు కంప్యూటర్లు ఇచ్చిరి. ఇంటివద్ద ఒక్కమారు వ్రాసిన సంగతినుండి యంత్రమే నెలలెక్కలు తీయుట దాని యుద్దేశము.

ఆ యుద్దేశము మంచిదే. కాని అట్టి యంత్రమునకు విద్యుత్తు కావలెను. అందులోని లెక్కను పెద్ద కంప్యూటరునకు చేర్చువాడు కావలెను. అది మొండికెత్తిననాడు, పట్టణమునకు పంపక, దగ్గరనే సరిచేయువాడు కావలెను. యంత్రమును కొనుట ఒకనాటి వ్యయము. దానిని నిలుపుట నిత్యవ్యవసాయము. మోటారు కొన్న రైతుకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు.

తరువాతి మార్పులు త్వరితముగా వచ్చెను. 2000 సంవత్సరమున చిత్తూరు జిల్లా అరగొండలో, దూరమందున్న వైద్యుడు తెరపై రోగిని చూచి సలహా చెప్పు టెలిమెడిసిను కేంద్రము వెలసెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదున 108 సేవ యారంభమయ్యెను. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చెను. రోగిని చేయిపట్టి నడిపించి, వాని పత్రములను కంప్యూటరు ద్వారా అనుమతికి పంపించు ఆరోగ్యమిత్రలు దానితో వచ్చిరి. 2019లో సూర్యాపేటలో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఆరంభింపబడి, ఆభా యను 14 అంకెల ఆరోగ్యసంఖ్య దేశమంతట వ్యాపించినది.

యంత్రము పడిపోయిన నేమగునో ఢిల్లీ చూపినది. 2022 నవంబరు 23న అక్కడి ఎయిమ్స్ వైద్యశాల కంప్యూటర్లపై దుండగులు దాడి చేసి, దస్త్రములు తెరవ వీలులేకుండ చేసిరి. అంతటి వైద్యశాలలో పలుదినములు చీటీలు చేతితో వ్రాసి పని సాగింపవలసి వచ్చెను. కావున ప్రతిదినము దస్త్రమునకు మారుప్రతి తీసి వేరుగా దాచుట, ఆ ప్రతినుండి తిరిగి తెరచి చూచుట, యంత్రము లేనప్పుడు కాగితముతో పని నడపుట – ఈ మూడును శిక్షణలో మొదటి పాఠములు.

రెండవ పాఠము మనిషిని గుర్తించుట. పెద్దగట్టు లింగమంతుల స్వామి పేర లింగయ్యలు, జాన్‌పహాడ్ సైదులు పేర సైదులు మన సీమలో నెందరో కలరు. ఇంటిపేరును ఒకటైనచో ఒకని రక్తపరీక్ష ఫలితము మరియొకని చీటీలో చేరుట కెంతసేపు? పేరుతోబాటు వయస్సు, తండ్రి పేరు, సంఖ్య సరిచూచు అలవాటు ప్రాణరక్షకము. మూడవది తారతమ్యజ్ఞానము: ఆఫీసు గదిలో ప్రింటరు, ప్రమాదవిభాగములో కంప్యూటరు ఒక్కసారి చెడినచో ఏది ముందు బాగుచేయవలెనో తెలియవలెను. నాల్గవది రహస్యము. ఎవరి జబ్బు సంగతియు రచ్చబండకు చేరరాదు. సాంకేతవిద్య ఎంత యున్నను ఈ గుణము లేనివాడు వైద్యశాల గడప త్రొక్కదగడు.

పదవ తరగతి ముగించినవారికి ఐ.టి.ఐ.లో కోపా యను ఏడాది కంప్యూటరు శిక్షణ కలదు. పాలిటెక్నికులో మూడేండ్ల డిప్లొమా కలదు. వీనికి తోడు వైద్యశాలలో కొంతకాలము నర్సుల ప్రక్కన నిలిచి, ఓపీ చీటీ మొదలు డిశ్చార్జి పత్రము వరకు వ్రాత ఎట్లు నడచునో చూడవలెను. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము ఆరోగ్యసమాచార నిర్వహణను గుర్తింపుగల వృత్తులలో చేర్చినది. ఇది గౌరవమే; గౌరవమున్నచోట దళారులును పుట్టుదురు. ముందుగా రుసుము పుచ్చుకొని ఉద్యోగము ఖాయమని చెప్పువారిని నమ్మక, ఆ సంస్థకు గుర్తింపు కలదా, వైద్యశాలలో అభ్యాసము చేయింతురా యని పెద్దలు విచారింపవలెను.

ఒకనాడు దస్త్రము ఒకరిద్దరి యిండ్ల సొత్తు. నేడు ఆ విద్య కాపువాని కొడుకునకును, కూలివాని కూతునకును అందుబాటైనది. తన ఊరివారి మాట తెలిసిన బిడ్డ వైద్యశాలలో కూర్చున్ననాడు, చదువురాని ముసలమ్మకు ఆ తెరయెదుట చేతులు కట్టుకొని నిలువవలసిన యక్కర కలుగదు.