మౌస్ కొనే ముందు చెయ్యి కొలుచుకోండి

హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డులు, పోస్టర్లు డిజైన్ చేసే డీటీపీ ఆపరేటర్ చెయ్యి రోజంతా మౌస్ మీదే ఉంటుంది. ఇన్‌పేజ్‌లో టైపు చేసిన ఉర్దూ మేటర్‌ను కోరల్‌డ్రాలోకి తెచ్చి, ఒక్కో పదాన్ని పట్టుకుని జరిపి, బోర్డర్‌కు తగలకుండా సర్దాలి. ఇంట్లోనే కూర్చుని డేటా ఎంట్రీ చేసే ఆడవాళ్లది, షాపుల లెక్కలు రాసే అకౌంటెంట్లది కూడా ఇంచుమించు ఇదే పరిస్థితి. కంప్యూటర్ కొనేటప్పుడు ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత అని నలుగురిని అడుగుతారు. మౌస్ దగ్గరికి వచ్చేసరికి షాపువాడు ఏది చేతిలో పెడితే అదే. మణికట్టు నొప్పితో నాలుగు రోజులు చెయ్యి ఆడకపోతే మాత్రం ఆ నాలుగు రోజుల ఆదాయం పోయినట్టే.

ముందు సైజు. మణికట్టు దగ్గరి గీత నుంచి మధ్యవేలి కొన దాకా స్కేలుతో కొలవండి. 17 సెంటీమీటర్ల లోపు ఉంటే చిన్న చెయ్యి, 19 దాటితే పెద్ద చెయ్యి అని స్థూలంగా లెక్క. చిన్న చేతికి పెద్ద మౌస్ ఇస్తే పక్క బటన్ నొక్కాలన్న ప్రతిసారీ పట్టు మార్చుకోవాలి. పెద్ద చేతికి ల్యాప్‌టాప్ మౌస్ ఇస్తే వేళ్లు ముడుచుకునే ఉంటాయి. ఇంట్లో అన్నయ్య కొన్న గేమింగ్ మౌస్‌తోనే చెల్లెలు కూడా పని చేసుకుంటే ఎవరో ఒకరికి ఇబ్బంది తప్పదు. షాపులో డబ్బాలోంచి తీయించి కనీసం ఐదు నిమిషాలు పట్టుకోండి. అరచెయ్యి ఆని ఉండాలి, చిటికెన వేలు టేబుల్‌కు రాసుకోకూడదు, బొటనవేలు కదలకుండానే పక్క బటన్ అందాలి.

డీపీఐ మోజు

డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసే అంకె డీపీఐ. మౌస్‌ను అంగుళం జరిపితే అది ఎన్ని అడుగులుగా లెక్క పెడుతుందన్నదే ఆ అంకె. 1920 పిక్సెళ్ల వెడల్పున్న స్క్రీన్ మీద, విండోస్ పాయింటర్ స్పీడ్ మధ్యలో ఉంటే, 800 డీపీఐ మౌస్‌ను ఈ చివర నుంచి ఆ చివరికి తీసుకెళ్లడానికి 2.4 అంగుళాలు జరపాలి. 1600 అయితే 1.2 అంగుళాలు చాలు. 16,000 అని రాసి ఉన్నా మామూలు పనిలో ఎవరూ అంత పెట్టుకోలేరు, చెయ్యి కాస్త వణికినా బాణం గుర్తు ఎటో పోతుంది. ఆఫీసు, డిజైన్ పనికి 800 నుంచి 1600 మధ్య సరిపోతుంది. అంకె పెద్దదని అదనంగా డబ్బు పెట్టడం దండగ.

గురి కుదరాలంటే పైసా ఖర్చులేని మార్పు ఒకటుంది. విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ అనే టిక్ తీసేయండి. పేరు చూసి కచ్చితత్వం పెంచుతుందనుకుంటాం. నిజానికి చెయ్యి వేగాన్ని బట్టి బాణం వెళ్లే దూరాన్ని మారుస్తుంది. డిజైన్ పనిలో చెయ్యి ఎంత జరిపితే బాణం ఎప్పుడూ అంతే జరగాలి. రెండు మూడు రోజులు కొత్తగా అనిపిస్తుంది, తర్వాత అలవాటవుతుంది.

బటన్లు ఎన్ని కావాలి?

ఎడమ, కుడి, చక్రం, బొటనవేలి దగ్గర రెండు. ఈ ఐదు బటన్లు చాలామందికి ఎక్కువే. పక్కనే పన్నెండు బటన్లుండే రేజర్ నాగా లాంటివి ఆటల కోసం పుట్టినవి, వాటిని చూడకుండా గుర్తుపట్టడమే ఒక చదువు. రోజులో వందసార్లు చేసే పనులు రెండో మూడో ఏవో చూసుకుని వాటికే బటన్ ఇవ్వాలి. డీటీపీలో అవి కాపీ, పేస్ట్, అన్‌డూ. కంపెనీ సాఫ్ట్‌వేర్ లేకపోయినా ‘ఎక్స్-మౌస్ బటన్ కంట్రోల్’ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఐదు బటన్ల మౌస్‌ను ఇలా మార్చుకోవచ్చు. సొంత కంప్యూటర్ కాకపోతే మాత్రం సెట్టింగులు మౌస్‌లోనే దాచుకునే మోడల్ అడగండి.

టాలీలో పని ఎక్కువగా కీబోర్డు మీదే. అకౌంటెంట్ల తిప్పలు వేరు. అంకెల కీలు కుడివైపు ఉండటంతో మౌస్ ఇంకా దూరం జరుగుతుంది, రోజంతా చెయ్యి బయటికి చాపడంతో భుజం పట్టేస్తుంది. దీనికి మంచి ఉపాయం మౌస్‌ను ఎడమ చేతికి మార్చడం. కుడి చెయ్యి అంకెల మీద, ఎడమ చెయ్యి మౌస్ మీద. అందుకు రెండు వైపులా ఒకేలా ఉండే మౌస్ కొనాలి. కుడి చేతి ఒంపున్నది పనికిరాదు.

ట్రాక్‌బాల్ సంగతి

ఇది కదలదు. పైనున్న బంతిని వేళ్లతో తిప్పితే బాణం కదులుతుంది. కొత్తగా కనిపిస్తుంది గానీ మౌస్ కంటే పాతది. కెనడా నౌకాదళం ప్రాజెక్టులో 1952లోనే చేశారు, అందులో బౌలింగ్ ఆటలో వాడే బంతిని పెట్టారు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం చెక్క మౌస్ వచ్చింది 1964లో. ట్రాక్‌బాల్‌కు చెయ్యి జరిపే చోటు అక్కర్లేదు. ఇరుకు టేబుల్, అద్దం టేబుల్, మంచం, ఎక్కడైనా పనిచేస్తుంది. భుజం నొప్పి ఉన్నవారికి హాయిగా ఉంటుంది.

ఇందులో రెండు రకాలు. లాజిటెక్ ఎం575 లాంటివాటిలో బంతి బొటనవేలి కింద ఉంటుంది. కెన్సింగ్టన్ ఎక్స్‌పర్ట్ మౌస్‌లో 55 మిల్లీమీటర్ల పెద్ద బంతి మధ్యలో ఉంటుంది, దాన్ని రెండు మూడు వేళ్లతో తిప్పాలి. మొదటిది త్వరగా అలవాటవుతుంది, కానీ భారమంతా ఒక్క బొటనవేలి మీదే. మణికట్టులో బొటనవేలి వైపు నొప్పి ఉన్నవారు దాని జోలికి వెళ్లొద్దు. పసిబిడ్డను రోజంతా ఎత్తుకునే తల్లులకు ఈ నొప్పి తరచుగా వస్తుంది. ఇంటి నుంచి పనిచేసే అలాంటివారికి మధ్యలో బంతి ఉన్నదే మేలు. అయితే బటన్ నొక్కిపట్టి లాగే పని అందులో కష్టం, కోరల్‌డ్రాలో ఆ పనే ఎక్కువ. ఒకసారి నొక్కితే పట్టి ఉంచే ‘డ్రాగ్ లాక్’ సదుపాయం ఉందో లేదో అడిగి తీసుకోవాలి. ఏ రకమైనా రెండు వారాలకోసారి బంతి తీసి లోపలి చిన్న గుళ్ల మీద పేరుకున్న మట్టి తుడవకపోతే బాణం తడబడుతుంది.

బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రి నిద్రలో మెలకువ వస్తుంటే అది మౌస్ మార్చి ఊరుకునే విషయం కాదు. మణికట్టులో నరం నొక్కుకుపోయి ఉండొచ్చు, డాక్టర్‌కు చూపించాలి. షుగర్, థైరాయిడ్ ఉన్నవారికి, గర్భిణులకు ఈ ముప్పు ఎక్కువ.

ఖరీదు విషయానికొస్తే, మూడు వేల రూపాయల మౌస్ మూడేళ్లు పనిచేస్తే రోజుకు మూడు రూపాయల లోపే పడుతుంది. మూడు వందలది ఆర్నెల్లకోసారి మార్చినా రోజుకు రెండు రూపాయలు దాటదు. రోజుకు గంటసేపు వాడేవారికి అదే చాలు, ఆరేడు గంటలు వాడేవారు లెక్క వేసుకోవాలి. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడటం మౌస్‌కు వచ్చే మామూలు జబ్బు. లోపలి స్విచ్ అరిగితే అలా అవుతుంది, వారంటీ ఉంటే మార్చి ఇవ్వాల్సిందే. అందుకే జీఎస్టీ బిల్లు దాచిపెట్టండి. సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట నాలుగు షాపులు తిరిగి చేత్తో పట్టి చూశాకే కొనండి, ఆన్‌లైన్‌లో అయితే వాపసు గడువు ముందే చూసుకోండి.

ట్రాక్‌బాల్ చేతికి అలవడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. షాదీల సీజన్ మధ్యలో మొదలుపెట్టొద్దు. విండోస్‌లో రెండూ ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి పాత మౌస్‌ను తీసేయకుండా పక్కనే ఉంచి, అర్జెంటు పని వచ్చినప్పుడు దాన్నే వాడండి.