బందరు జాతీయ కళాశాల – ఊరి పనిశాల



అరువది యేండ్లు దాటిన మగవాడు మన పల్లెలలో ఏమి చేయుచున్నాడో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. పొలము కొడుకుల చేతికి పోయినది, ఎడ్లు అమ్ముడుపోయినవి, రచ్చబండయు, పత్రికయు, సాయంకాలపు కాఫీయు మిగిలినవి. ఉలి పట్టగల చేతులు ఒడిలో ముడుచుకొని యున్నవి. అట్టివారు నలుగురు కూడి పనిచేసికొనుటకు ఊరికొక పనిశాల యుండవలెనని తలచి, కొన్నియేండ్ల క్రిందట మా ఊర నొకదానిని నడపబోయి నేను భంగపడితిని. ఆ ముచ్చట తరువాత మనవిచేసెదను. నాకా తలపు కలిగించినది బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాల. ముందు దాని చరిత్ర చెప్పుట న్యాయము.

1907వ సంవత్సరమున వంగదేశమునుండి బిపినచంద్రపాలుగారు మన తీరమునకు వచ్చి, రాజమహేంద్రవరము, బెజవాడ, బందరు మొదలగు తావుల స్వదేశివ్రతమును గూర్చి ఉపన్యసించిరి. ఆయన వెంట తిరిగినవారిలో ముట్నూరి కృష్ణారావుగారొకరు. విని చప్పట్లు చరచినవారు అనేకులు. విన్నమాటను గోడలుగను, మగ్గములుగను మార్పబూనినవారు కొందరే. వారిలో ముఖ్యులు కృష్ణారావుగారు, డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు, కోపల్లె హనుమంతరావుగారు. మువ్వురును రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి శిష్యులే. వీరి పూనికచే 1910లో జాతీయ కళాశాల వెలసినది.

మువ్వురిలో ఒకరికి కృష్ణాపత్రిక యుండెను, ఒకరికి వైద్యముండెను. హనుమంతరావుగారికి కళాశాల తప్ప వేరొకటి లేదు. ఎం.ఏ., బి.ఎల్. పట్టములు పొందియు, న్యాయవాదవృత్తిలో రాదగిన ధనము నాసింపక, ఆయన తన దినములన్నియు దానికే ధారవోసెను. అక్కడ గ్రంథపాఠములతోపాటు నేతపని, అద్దకము, వడ్రంగము, ఇనుపపని, చిత్రలేఖనము నేర్పిరి. చదివినవాడు చేతికి మసి అంటించుకొనుట అవమానముగ నెంచు ఆ కాలములో, బ్రాహ్మణ బాలుడు కొలిమివద్ద నిలుచుట ఎంతటి మాటయో మీ తాతలు ఎరుగుదురు.

దొరతనమువారి గ్రాంటు పుచ్చుకొనరాదనియు, వారి అదుపునకు లోబడరాదనియు వ్యవస్థాపకుల నియమము. వినుటకు ఇది గంభీరముగ నుండును. నడపువానికి దాని బరువు తెలియును. గ్రాంటు లేనిచో జీతములకును, కఱ్ఱకును, ఇనుమునకును, నూలునకును ప్రజల చందాయే గతి. కళాశాల పట్టమునకు సర్కారు కొలువు రాదు గనుక, ధనికుడు చందా నిచ్చునే కాని కొడుకు నిచ్చుటకు వెనుదీయును. కాబట్టి అధ్యక్షుడు ఒక పూట గురువై, ఒక పూట లెక్కలవాడై, సెలవులలో ఊరూర జోలెపట్టు బిచ్చగాడు కావలసివచ్చును. హనుమంతరావుగారిని త్యాగమూర్తియని అందరును కొనియాడుదురు. నాకు మాత్రము ఆ లెక్కలపుస్తకమును తలచుకొన్నప్పుడే ఆయనయందు గౌరవము హెచ్చును.

అదే కాలమున మన జిల్లాలో గ్రంథాలయోద్యమము లేచినది. బెజవాడలో రామమోహన గ్రంథాలయము 1911లో ఏర్పడెను. 1914లో అదే పట్టణమున ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రథమ మహాసభ చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను జరిగెను. అయ్యంకి వేంకటరమణయ్యగారి కృషి జగద్విదితము. జీతము లేని కార్యకర్తలే ఊరూర పఠనమందిరములను నిలిపిరి. ఊరూర పనిశాలలేల నిలువలేదని నేను చాలకాలము ఆలోచించితిని. పుస్తకమును పదిమంది చదివినను అక్షరము అరుగదు. ఉలి అట్లుగాదు, ఒకడు మేకుమీద కొట్టిన ఉలి మరునాడు మరియొకనికి పనికిరాదు. సాన పట్టువాడు, రంపమునకు పండ్లు తీర్చువాడు, పోయిన బరమాను వెదకి తెచ్చువాడు నిత్యము కావలెను. సభలో దండ వేయించుకొనుటకు ముందుకు వచ్చువారు ఈ పనికి రారు.

1921 మార్చి నెలాఖరున బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమై, కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరువది లక్షల రాట్నములు కావలెనని తీర్మానించెను. రూపాయలు జేబునుండి రావచ్చును. రాట్నమును చెక్కవలసినవాడు వడ్రంగియే గదా! దేశములో పనిశాల యెందుకో ఆ తీర్మానము ఒక్క వాక్యములో చెప్పినట్లయ్యెను. ఆ దినములలోనే గాంధీమహాత్ముడు బందరు వచ్చి జాతీయ కళాశాలను దర్శించెను. మరుసటి యేడు, 1922లో, హనుమంతరావుగారు కాలధర్మము చెందిరి. నిండుగ బ్రతుకదగిన వయస్సు.

కళాశాల మూతపడలేదు. పట్టాభిగారు మొదలగువారు దానిని మోసిరి. వంగదేశపు చిత్రకారుడు ప్రమోదకుమార చట్టోపాధ్యాయగారు వచ్చి చిత్రకళ నేర్పిరి. ఆయన శిష్యులు అడివి బాపిరాజుగారు తరువాత అచ్చటనే ప్రధానాచార్యులైరి. ఆ కళాశాల చిత్రకారుల పేళ్ళు నేటికిని లోకము తలచుచున్నది. ఆ కొలిమివద్దను, మగ్గమువద్దను నిలిచినవారి పేళ్ళు తలచువారు అరుదు. కాలక్రమమున అదియును తక్కినవానివలె పరీక్షలకు చదివించు కళాశాలయైనది. దీనికి ఎవరిని నిందింపను. ఒక మనిషి ఊపిరితో నడచిన సంస్థను ఇంతకాలము నిలుపుటయే గొప్ప.

ఇక మా ఊరి సంగతి. గతించిన వడ్రంగి యొకని ఇంటివారు ఆయన బాడిస, తోపడా, రంపములు నాకిచ్చిరి. పాత కొట్టమును బాగుచేయించి, పదునొకండుగురు వృద్ధులను పోగుచేసితిని. తొలినెల ఉత్సాహమునకు మేరలేదు. తాళపుచెవి నా మొలత్రాటనే యుండెడిది. ఏ పని ముందు చేయవలెనో నేనే చెప్పెడివాడను. లెక్క నేనే వ్రాసెడివాడను. నాకు జ్వరము వచ్చి నలువది దినములు మంచమున పడితిని. లేచి చూచునప్పటికి తాళమునకు త్రుప్పు పట్టినది. ఏమయ్యా రాలేదని అడుగగా ఒక పెద్దమనిషి, “అది నీ కొట్టము గదా, నీవు లేనప్పుడు మాకేమి పని?” అనెను. కోపము వచ్చినది. పదిదినములకు గాని ఆ మాటలోని న్యాయము తెలిసిరాలేదు.

ఆస్ట్రేలియా దేశమున ఇట్టి పనిశాలలు ఇప్పుడు వేయికి మించి యున్నవి. టోంగాలా యను చిన్న ఊర 1998లో ‘పురుషుల కొట్టము’ అను పేర మొదటిది తెరచిరి. ఎదురెదురుగ కూర్చుండబెట్టిన నోరు విప్పని మగవాడు, పక్కపక్కన నిలిచి పలక చెక్కుచున్నప్పుడు తన కష్టము చెప్పుకొనునని అచ్చటివారి అనుభవము. భార్య పోయిన దుఃఖము, కొడుకు ఉత్తరము వ్రాయలేదన్న బాధ రచ్చబండమీద ఎవరును చెప్పరు. చిత్రికపట్టుచు చెప్పగా నేను వింటిని.

ఇప్పుడు మా కొట్టము మరల తెరచితిమి. తాళపుచెవులు మూడు. వానిలో ఒకటియు నాయొద్ద లేదు. సాన పట్టుట వారమునకొకరి వంతు. ఈ వారము నాది. ప్రస్తుతము బడిపిల్లల బల్లలు నాలుగు బాగగుచున్నవి. ఒకదాని కాలు ఇంకను కుంటుచున్నది.