తులసి వాడిన ఇల్లు

దీపాలు పెట్టే వేళకి మా తాడేపల్లిలో ఏదో ఒక ఇంట్లోంచి ఎండుమిరపకాయలు కాలిన ఘాటు వచ్చేది. పిల్లకి ఒళ్లు వెచ్చబడితే నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ గుప్పెట పట్టి, మూడుసార్లు తిప్పి పొయ్యిలో పడేసేది. ఘాటు రాకపోతే గట్టి దిష్టే తగిలిందనేది. తిప్పుతూ ఎవరెవరి కళ్లో తలుచుకునేది. ఆ వరసలో ముందుండేది ఇరుగూ పొరుగూ. పాలలోకి తోడు అడిగి తెచ్చుకునేదీ వాళ్ల ఇళ్ల నుంచే. ఆ చేతిలోని ప్రేమే కనబడింది గానీ, ఆ వరస సంగతి నాకు చాలాకాలం తట్టలేదు.

తట్టింది ‘తులసిదళం’ చదివాక. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో రాసిన సీరియల్ అది. వారం వారం పుస్తకం కోసం ఇంట్లో పోటీ పడేవాళ్లం. చదివినవాళ్లు ఆ రాత్రి పెరట్లోకి ఒంటరిగా వెళ్లేవాళ్లు కాదు.

శ్రీధర్, శారదలకు లేకలేక పుట్టిన కూతురు తులసి. ఉద్యోగం, ఇల్లు, పాప నవ్వు. వాళ్లకి లోటేమీ లేదు. పాపకి రావలసిన ఆస్తి మీద కొందరి కన్నుపడింది. కాద్రా అనే మాంత్రికుడు పాప మీద చేతబడి చేశాడు. అప్పటినుంచి ఆ ఇంటి పతనం మొదలైంది. గోడలు చెక్కుచెదరలేదు, గడపకి పసుపు ఆరలేదు. పాప మాత్రం రోజురోజుకీ వాడిపోయింది. డాక్టర్ల మందులకి లొంగని బాధ అది. మంత్రాలంటే నమ్మకం లేని తండ్రి, కూతురి మంచం పక్కన కూర్చుని తన నమ్మకాలనే అనుమానించుకున్నాడు. తెలిసిన మొహాల్లోనే శత్రువు ఉండటం నాకు ఆ చేతబడి కంటే భయంకరంగా తోచింది.

చివరికి తులసి బతికింది. కాపాడింది శాస్త్రమా, మంత్రమా అన్నది రచయిత పాఠకుడికే వదిలేశాడు. ఆ సందేహం నవలకి బలం. బయట పల్లెల్లో ఆ సందేహమే మనుషుల్ని బలి తీసుకుంది.

మెదక్ ప్రాంతంలో చేతబడిని బాణామతి అంటారు. ఊళ్లో ఒకరికి రోగం వస్తుంది, ఒకరి గేదె చస్తుంది. వేళ్లన్నీ ఒక ముసలామె వైపో, దిక్కులేని ఒక ముసలాయన వైపో తిరుగుతాయి. మంత్రం పలకనీయకూడదని పళ్లు ఊడగొట్టిన ఊళ్లున్నాయి. చెట్టుకి కట్టి కొట్టిన ఊళ్లున్నాయి. కాల్చి చంపిన ఊళ్లూ ఉన్నాయి. వాళ్లని కాపాడే ఆఖరి అధ్యాయం ఎవరూ రాయలేదు. ఏళ్ల తరబడి ఒకే బావి నీళ్లు తాగినవాళ్లే కర్ర ఎత్తారు.

మాకు బారేజీ దాటితే విజయవాడ. నాస్తికవాది గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947లో ఆ ఊరికే చేరింది. అక్కడివాళ్లు బాణామతి పల్లెలకి వెళ్లి, నిప్పుల మీద నడిచి చూపించి, మంత్రం లేదని జనంతో మొత్తుకున్నారు. మహారాష్ట్రలో ఇదే పని చేసిన నరేంద్ర దభోల్కర్‌ని 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. మూఢనమ్మకాలకి వ్యతిరేకంగా ఆయన అడిగీ అడిగీ అలసిన చట్టం ఆ ఏడాదే వచ్చింది, ఆయన చూడకుండా.

ఇప్పుడు తాడేపల్లి అంతా అపార్ట్‌మెంట్లు. తలుపుకి గుమ్మడికాయ, దారానికి నిమ్మకాయా మిరపకాయలూ అలాగే వేలాడుతున్నాయి. పక్క ఫ్లాటులో ఎవరుంటారో చాలామందికి తెలియదు. తెలియని పొరుగుని అనుమానించడం ఎంత తేలికో!

మొన్న మనవరాలికి జ్వరం వచ్చింది. నాయనమ్మ గుర్తొచ్చి నేనూ గుప్పెట మిరపకాయలు తీసుకున్నాను. మూడుసార్లు తిప్పాను. ఎవరి కళ్లూ తలుచుకోలేదు. తర్వాత పక్కింటి తలుపు కొట్టి, ఆవిణ్ణి థర్మామీటరు అడిగి తెచ్చుకున్నాను.