సెంట్రల్ పక్కన ఏముండేదంటే



మన సంఘంలో ఎవరింటి కథ కదిపినా ఎక్కడో ఒకచోట సెంట్రల్ స్టేషన్ తగులుతుంది. ఒకరి తాతయ్య హౌరా మెయిల్లో వచ్చి దిగారు. ఇంకొకరి నాయనమ్మ గూడూరు నుంచి కాన్పుకని వచ్చి ఇక్కడే ఉండిపోయింది. జార్జిటౌన్ కోమట్ల ఇళ్లలో మాత్రం ఈ మాటంటే నవ్వుతారు. "మీరు రైలెక్కి వచ్చినోళ్లు, మేము రైలు కంటే ముందే ఉన్నోళ్లం" అంటారు. వాళ్లన్నదీ నిజమే. రైలు రాకముందు రెండు వందల ఏళ్ల నుంచీ చెన్నపట్నంలో తెలుగువాళ్లున్నారు.

ఈ మధ్య మన గ్రూపులో సెంట్రల్ ఎదుట మెట్రోవాళ్లు తలపెట్టిన 27 అంతస్తుల టవర్ గురించి చర్చ నడిచింది. మన పిల్లల్లో ఒకరు, "అక్కడ ఇంతకుముందు ఏముండేది లెండి, చెత్త తప్ప" అని రాశారు. కోపంతో రాసింది కాదది, తెలియక రాసింది. కానీ ఆ చోటు గురించి ఆ మాట అనడం ఇది మొదటిసారి కాదు. నూట యాభై ఏళ్లుగా అక్కడ కొత్తది కట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు అదే మాట అంటున్నారు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

మద్రాసుకు మొదటి స్టేషన్ రాయపురం. 1856 జూలై 1న అక్కడి నుంచి వాలాజా రోడ్డు దాకా రైలు నడిచింది. దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు అదే. రేవు దగ్గర కాబట్టి సరుకులకు రాయపురం బాగానే ఉండేది, జనం పెరిగేసరికి చాలలేదు. రెండో స్టేషన్ కోసం పార్క్‌టౌన్‌లో చోటు వెతికారు. వాళ్లకు దొరికింది జాన్ పెరీరా తోట. పెరీరా పోర్చుగీసు వ్యాపారి. ఆయన పోయాక తోట పాడుబడి, కోడిపందేల అడ్డా అయిందని చెబుతారు. అంటే "ఏముంది, చెత్త తప్ప" అన్న మాట మొదట ఆ తోటమీదే పడిందన్నమాట. 1873లో జార్జ్ హార్డింగ్ గీసిన ప్లాను ప్రకారం నాలుగు ప్లాట్‌ఫారాలతో సెంట్రల్ కట్టారు. మనం ఇప్పుడు సెంట్రల్ అనగానే గుర్తు తెచ్చుకునే గడియారం బురుజు, మూలల్లో టోపీల్లాంటి కప్పులు తర్వాత వచ్చాయి. రాబర్ట్ చిషోమ్ చేసిన మార్పులవి, 1900 నాటికి పూర్తయ్యాయి. కాబట్టి "అసలు స్టేషన్" అని మనం మురిసిపోయే భవనం కూడా ఒకసారి తిరగకట్టిందే. పాతదాన్ని ముట్టుకోవద్దని వాదించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మేమూ గుర్తుంచుకుంటున్నాం.

రైలుకంటే ముందు మన ఊళ్ల నుంచి ఇక్కడికి దారి నీళ్లమీదుగా ఉండేది. సెంట్రల్‌ను ఆనుకుని నల్లగా పారుతున్న ఆ కాలువను చూసి ముక్కు మూసుకోని మనిషి లేడు. అదే బకింగ్‌హాం కాలువ. 1806లో ఎన్నూరు దాకా తవ్వడంతో మొదలై, పెరుగుతూ పెరుగుతూ ఉత్తరాన కృష్ణా డెల్టా కాలువలతో కలిసింది. 1876-78 కరువులో కూలి పనులు కల్పించడానికి నగరం నడిమధ్య అడయారు, కూవం నదులను కలుపుతూ తవ్వారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. కాకినాడ నుంచి పడవ బయలుదేరితే ఉప్పుటేరులు, కాలువలు పట్టుకుని మద్రాసు చేరేది. నెల్లూరు బియ్యం, కట్టెలు, ఉప్పు, సున్నం కాల్చే గుల్లలు అలాగే వచ్చాయి. బేసిన్ బ్రిడ్జి అనే పేరులోని బేసిన్ అంటే పడవలు ఆగే మడుగు. సాల్ట్ కొటారులు అంటే ఉప్పు కొటార్లు. కొటారు మన మాటే, తమిళులు కూడా వాళ్ల మాటే అంటారు, ఆ తగాదా ఇప్పుడు వద్దు. రైళ్లు, లారీలు, తుపానులు కలిసి పడవలను తినేశాయి. 1990ల్లో ఎత్తు రైలు మార్గం కోసం కాలువలోనే స్తంభాలు పాతారు. నీటి దారిని ఇంకో రవాణా కింద పూడ్చిన చోటది, ఆ రైల్లో వెళ్లేటప్పుడు ఒకసారి కిందికి చూడండి.

విజయవాడ నుంచి మద్రాసుకు రైలు దారి 1899లో కలిసింది. అక్కడి నుంచి మన రాకపోకల తీరే మారిపోయింది. నాలుగు రోజుల పడవ ప్రయాణం ఒక రాత్రికి వచ్చింది. కోర్టు పనికి, కాలేజీ చదువుకి, అచ్చాఫీసుకి, ఆ తర్వాత సినిమాకి, అందరూ దిగింది సెంట్రల్లోనే. మద్రాసు రాష్ట్రంలో ఉన్నంతకాలం నెల్లూరు మనిషికి రాజధాని ఇదే కదా. 1953లో గీత గీశారు. రాజధాని పోయింది, రైలు పోలేదు.

స్టేషన్ పడమటి పక్కకు వద్దాం. 1859-60లో గవర్నరుగా ఉన్న చార్లెస్ ట్రెవెల్యాన్ అక్కడ పీపుల్స్ పార్కు వేయించారు. నూట పదహారు ఎకరాలు, పదకొండు చెరువులు. జంతుప్రదర్శనశాల కూడా అక్కడే ఉండేది, వండలూరుకు తరలిపోయేదాకా. మన పెద్దలు "సెంట్రల్ జూ" అనేది దాన్నే. ఈ పార్కులోంచి ముక్క కోసి విక్టోరియా పబ్లిక్ హాలు కట్టారు, ముక్క కోసి మూర్ మార్కెట్ కట్టారు, ఇంకో ముక్కలో 1913 నాటికి రిప్పన్ భవనం వచ్చింది, తర్వాత నెహ్రూ స్టేడియం. ఇవాళ పార్కు అని చెప్పుకోవడానికి మిగిలింది చాలా తక్కువ. అంటే మేము ఏడ్చే మూర్ మార్కెట్ కూడా ఒక తోటను తిని పుట్టిందే.

విక్టోరియా హాలు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. దానికి 1883 డిసెంబరులో పునాదిరాయి వేసింది విజయనగరం రాజు పూసపాటి ఆనంద గజపతి రాజు. ప్లాను చిషోమ్‌ది. కట్టింది తాటికొండ నంబెరుమాళ్ చెట్టి, మన కోమటి కుటుంబం. హైకోర్టు కట్టింది ఆయనే, బీచి రోడ్డులో స్టేట్ బ్యాంకు ఉన్న పాత మద్రాసు బ్యాంకు భవనం ఆయనదే, ఎగ్మూరు మ్యూజియం ఆవరణలో ఎర్రరాతి విక్టోరియా స్మారక భవనం కూడా ఆయనదే. చెట్‌పట్ పేరు ఆయన మీదుగా వచ్చిందనే అంటారు. గణిత మేధావి రామానుజన్ చివరి రోజులు గడిపింది ఆయన ఇంట్లోనే. ఎర్ర ఇటుక, గుమ్మటాలు, గాజు రంగులతో ఈ నగరానికి ఒక ముఖం వచ్చిందంటే ఆ ఇటుక పేర్పించిన మనిషి తెలుగువాడు. గైడు పుస్తకాలు ప్లాను గీసిన దొరల పేర్లు చెప్పి ఆగిపోతాయి. మనమూ ఎందుకు ఆగుతున్నామో అర్థం కాదు.

ఇక మూర్ మార్కెట్. జార్జ్ మూర్ కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, బ్రాడ్‌వేలో ఉన్న పాత మార్కెట్ మురికిగా, ఇరుకుగా ఉందని కొత్తది తలపెట్టారు. 1898లో పునాది, 1900 నవంబరులో ప్రారంభం. నాలుగు వైపులా దుకాణాలు, మధ్యలో ఖాళీ ఆవరణ, ఎర్ర ఇటుక గోడలు, వరసగా కమానులు. మొదట కూరలు, మాంసం, పువ్వుల కోసం కట్టారు గానీ పోను పోను అక్కడ దొరకని వస్తువు లేదనిపించుకుంది. గ్రామఫోను రికార్డులు, చిలకలు, కుక్కపిల్లలు, రంగు చేపలు, పాత గడియారాలు, తాళం లేని పెట్టెలు, పెట్టె లేని తాళాలు. పక్కనే గుజిలీ బజారు. ఇంట్లో పోయిన వస్తువు మర్నాడు గుజిలీలో కొనుక్కోవచ్చని సామెతలా చెప్పేవారు.

మా పెద్దల్లో చాలామందికి మూర్ మార్కెట్ అంటే పాత పుస్తకాలు. కాలేజీ పిల్లలు జూన్లో పాఠ్యపుస్తకాలు సగం ధరకు కొని, ఏప్రిల్లో పావు ధరకు అక్కడే అమ్మేవాళ్లు. తెలుగు పుస్తకాలు అట్టలు ఊడి, ఎవరిదో పేరు సిరాతో రాసి ఉండేవి. దుకాణదారు తమిళుడో ముస్లిమో అయినా శీర్షిక చూడగానే తెలుగులో బేరం మొదలుపెట్టేవాడు. రైలెక్కే ముందు గంట సమయం ఉంటే అక్కడికెళ్లి రావడం మామూలు. ఒక నవల, ఇంటికో బొమ్మ. స్టేషన్లో వెయిటింగ్ రూం ఎవరికి కావాలి, మూర్ మార్కెట్టే వెయిటింగ్ రూం. అంతస్తు తేడా లేకుండా, టికెట్ అడగకుండా కూర్చోనిచ్చేది.

1985 మే 30న అది తగలబడింది. స్టేషన్ విస్తరణకు ఆ స్థలం కావాలన్న మాట అప్పటికే నడుస్తోంది కాబట్టి, మంట ఎలా పుట్టిందన్న దానిమీద ఊళ్లో ఎన్నో మాటలు పుట్టాయి. వాటిలో దేన్నీ మేము ఇక్కడ రాయం. మిగిలిన గోడలనూ తీసేశారు. వ్యాపారులకు దగ్గర్లోనే అల్లికుళం కాంప్లెక్సులో చోటిచ్చారు. చోటు దొరికింది, బేరం దొరకలేదు. రైలు దిగినవాడి కాళ్లు వాటంతట అవి నడిచే దారిలో ఉండటం వల్లే ఆ మార్కెట్ బతికింది. నాలుగడుగులు పక్కకు జరిపేసరికి ఎండిపోయింది. తిరగకట్టడం గురించి మాట్లాడే ఇంజినీర్లెవరైనా చదువుతుంటే ఈ వాక్యం దగ్గర ఆగమని మనవి. నష్టపరిహారం లెక్కలో చదరపు అడుగులు ఉంటాయి గానీ దారిన పోయే కాళ్లు ఉండవు.

ఆ స్థలంలో ఇప్పుడున్నది సబర్బన్ రైళ్ల టెర్మినల్, పైన రిజర్వేషన్ కౌంటర్ల భవనం. పేరు మూర్ మార్కెట్ కాంప్లెక్స్. ఆవరణలో, బండ్లు నిలిపే చోట పాత మార్కెట్‌కు చిన్న నమూనా పెట్టారు. రోజూ లక్షల మందికి ఆ టెర్మినల్ లేనిదే గడవదు, అది వద్దని మేము అనం. గుమ్మిడిపూండి, సూళ్లూరుపేట వైపు లోకల్ ఎక్కే మన జనానికి అదే ఆధారం.

2018 మే 25న సెంట్రల్ కింద మెట్రో స్టేషన్ తెరిచారు. రెండు లైన్లు కలిసే చోటు. న్యాయంగా చెప్పుకోవాలంటే మేలే జరిగింది. పూనమల్లి హైరోడ్డును సామాన్లతో, చంటిపిల్లలతో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటడం మనందరికీ గుర్తే. ఇప్పుడు కిందినుంచి దాటుతున్నాం. ముసలివాళ్లకు లిఫ్టులున్నాయి. ఇదంతా కాదనడం మూర్ఖత్వం.

మా దిగులు వేరే ఉంది. రోడ్డుకు అవతల జనరల్ ఆసుపత్రి. నెల్లూరు, తడ, నాయుడుపేట నుంచి తెల్లారి రైలుకు వచ్చి, చీటీ రాయించుకుని, సాయంత్రం రైలుకు పోయే రోగులు ఇవాళ్టికీ ఎంతోమంది. వాళ్లతో వచ్చినవాళ్లు ఎక్కడ తింటారు, ఎక్కడ నడుం వాలుస్తారు? స్టేషన్ ముందు బండిమీద ఇడ్లీ, వాల్‌ట్యాక్స్ రోడ్డులో చవక లాడ్జి. ఆ రోడ్డు పేరు కూడా ఒక కట్టుబడి కథే. హైదరలీ కాలంలో నల్లపట్నం చుట్టూ కంపెనీవాళ్లు గోడ కట్టి, ఖర్చు జనం దగ్గర పన్నుగా రాబట్టాలనుకున్నారు. పన్ను వసూలు కాలేదు, గోడ పడిపోయింది, పేరు మిగిలింది. ఆ రోడ్డులో పూటకు లెక్కన గది ఇచ్చేవాళ్లు, తెలుగులో పలకరించేవాళ్లు ఇంకా ఉన్నారు. ముందువైపు చదును చేసి, గడ్డి పరిచి, గాజు టవరు లేపితే చూడ్డానికి బాగుంటుంది. ఆ ఇడ్లీ బండి మాత్రం గాజు టవరులో అద్దె కట్టలేదు.

పోల్చి చూడటానికి పక్కనే ఎగ్మూరు ఉంది. అక్కడ 734.91 కోట్ల పనికి 2022 మే 26న శంకుస్థాపన జరిగింది. 1908 నాటి హెన్రీ ఇర్విన్ భవనాన్ని ఉంచి, చుట్టూ కొత్తవి కడుతున్నారు. పాత ముఖం నిలుస్తుంది, సంతోషం. భవనాన్ని కాపాడటం ఇప్పుడు అందరూ నేర్చుకున్నారు. పేటను కాపాడటం ఎలాగో ఇంకా ఎవరూ చేసి చూపలేదు. ఎగ్మూరు చుట్టుపక్కల చిన్న హోటళ్ల సంగతి పనులు పూర్తయ్యాక చూడాలి.

సంఘం తరఫున మేము ఒక పని మొదలుపెట్టాం. సెంట్రల్ చుట్టుపక్కల దుకాణం, లాడ్జి, మెస్సు నడిపిన తెలుగు కుటుంబాల కాగితాలు సేకరిస్తున్నాం. మూర్ మార్కెట్ అద్దె చీటీలు, కాలువ పడవల సరుకు లెక్కలు, పుస్తకాల మీద వేసిన దుకాణం ముద్రలు, ఏవైనా సరే. అసలు ఇవ్వక్కర్లేదు, ఫోనులో ఫోటో తీసి పంపండి. ఇంట్లో ఎనభై దాటిన పెద్దవాళ్లుంటే వాళ్ల మాటలు రికార్డు చేసి పంపండి. ముఖ్యంగా 1985 మే నెలాఖరున ఆ వీధిలో దుకాణం ఉన్నవాళ్ల కోసం వెతుకుతున్నాం. మీకు తెలిసినవాళ్లుంటే వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే మాకు చెప్పండి. వచ్చే నెల మొదటి ఆదివారం సంఘం ఆఫీసులో కూర్చుని వచ్చినవన్నీ సర్దుతాం. చేతిరాత చదవగలిగిన పెద్దలు ఇద్దరు ముగ్గురు వస్తే బాగుంటుంది, కాఫీ మేమిస్తాం.