అక్కన్నపేట: రైళ్లు ఎదురుపడే స్టేషన్ జంక్షన్ అయిన కథ

మెదక్ జిల్లా రామాయంపేట మండలంలో ఉన్న చిన్న రైల్వే స్టేషన్ అక్కన్నపేట. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ వెళ్లే లైనులో మిర్జాపల్లి దాటాక, తలమడ్ల కంటే ముందు వస్తుంది. సిద్దిపేట జిల్లాలో అక్కన్నపేట పేరుతో ఒక మండలమే ఉంది, అది వేరు. మనం చెప్పుకునేది మెదక్ జిల్లా అక్కన్నపేట.

2022 దాకా ఈ పేరు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లకు, రైల్వే వాళ్లకు తప్ప పెద్దగా ఎవరికీ తెలీదు. ఆ ఏడాది ఇక్కడి నుంచి మెదక్ పట్టణానికి రైలు మొదలవడంతో స్టేషన్ జంక్షన్ అయింది. అంతకు ముందు దీనికి ఉన్న ముఖ్యమైన పని ఒక్కటే, ఎదురుగా వచ్చే రైలుకు దారి ఇవ్వడం. ఈ లైనులో ఇప్పటికీ చాలా చిన్న స్టేషన్లకు అదే ముఖ్యమైన పని. రెండో లైను వచ్చేశాక ఆ పని ఉండదు. మరి అప్పుడు ఈ స్టేషన్ల గతేంటి? దీనికి జవాబు కావాలంటే ముందు లైను చరిత్ర తెలియాలి.

లైను ఎలా వచ్చింది

హైదరాబాద్ సంస్థానంలో మొదటి రైలు లైను వాడి నుంచి సికింద్రాబాద్ దాకా వేశారు. అది 1874లో మొదలైంది. తర్వాత 1880లలో లండన్‌లో పెట్టిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ చేతికి సంస్థానం రైళ్లు వెళ్లాయి. 'గ్యారంటీడ్' అనే మాట వెనక ఒక లెక్క ఉంది. కంపెనీలో డబ్బు పెట్టిన వాళ్లకు ఇంత వడ్డీ తప్పకుండా వస్తుందని నిజాం ప్రభుత్వం పూచీ పడింది. రైలుకు లాభం రాకపోయినా వాటాదారులకు నష్టం లేదు, ఆ భారం ఖజానా మీద పడుతుంది.

ఈ ఒప్పందాన్ని అప్పట్లోనే కొంతమంది నిలదీశారు. 1883లో హైదరాబాద్‌లో జరిగిన ఈ గొడవను చరిత్రలో చాందా రైల్వే ఆందోళన అంటారు. సరోజినీ నాయుడు తండ్రి డాక్టర్ అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం లాంటి వాళ్లు ఒప్పందం వివరాలు జనం ముందు పెట్టాలని అడిగారు. ఫలితంగా అఘోరనాథ్‌ను నగరం నుంచే పంపించేశారు. రైలు గురించి లెక్క అడగడం మన దగ్గర నిన్న మొన్న మొదలైంది కాదు.

అక్కన్నపేట ఉన్న లైను దాని తర్వాత వచ్చింది. దీన్ని హైదరాబాద్ గోదావరి వ్యాలీ రైల్వే అనేవాళ్లు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1901కల్లా హైదరాబాద్ నుంచి నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ దాకా పూర్తయింది. పొడవు 391 మైళ్లు, అంటే దాదాపు 630 కిలోమీటర్లు. మన్మాడ్‌లో బొంబాయి వెళ్లే పెద్ద లైను కలుస్తుంది. మరాఠ్వాడా పత్తి బయటికి పోవడానికి దారి దొరికింది. సంస్థానం లోపల తెలంగాణ, ఔరంగాబాద్ మధ్య రాకపోకలు సులువయ్యాయి. మొదటి నిజాం సమాధి ఉన్న ఖుల్దాబాద్‌కు వెళ్లే వాళ్లకూ ఔరంగాబాద్ దాకా ఇదే రైలు దారి.

ఇది మీటర్ గేజ్ లైను. రెండు పట్టాల మధ్య దూరం ఒక మీటరు. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు 'ఛోటీ లైన్' అనేది దీన్నే. 'బడీ లైన్' అంటే బ్రాడ్ గేజ్, దాని వెడల్పు 1,676 మిల్లీమీటర్లు.

నిజాం ప్రభుత్వం 1930లో కంపెనీ నుంచి రైల్వేను సొంతం చేసుకుంది. 1950లో అది భారత ప్రభుత్వం చేతికి వెళ్లింది, 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక దాని కిందికి వచ్చింది. 2000 దశకం మొదట్లో సికింద్రాబాద్ వైపు భాగం కూడా బ్రాడ్ గేజ్‌గా మారింది. ఈ మధ్య కరెంటు తీగలూ వేశారు. ఇన్ని మారినా ఒకటి మాత్రం మారలేదు. మేడ్చల్ దాటాక ముద్ఖేడ్ దాకా అది ఒంటి లైనుగానే మిగిలింది.

లూపు లైను అంటే ఏంటి

ఒంటి లైను మీద రెండు వైపుల నుంచీ రైళ్లు రావాలంటే అవి ఎక్కడో ఒకచోట తప్పుకోవాలి. ఆ చోటే క్రాసింగ్ స్టేషన్. అక్కడ మెయిన్ లైను పక్కన ఇంకో పట్టా ఉంటుంది. అది ఒక కొసన మెయిన్ లైను నుంచి విడిపోయి, స్టేషన్ దాటాక రెండో కొసన మళ్లీ అందులోనే కలుస్తుంది. దాన్ని లూపు లైను అంటారు. బ్రాడ్ గేజ్‌లో ఒక పూర్తి గూడ్స్ బండి పట్టాలి కాబట్టి దాదాపు 700 మీటర్ల పొడవు ఉంచుతారు. లూపులోకి తిరిగేటప్పుడు రైలు వేగం బాగా తగ్గించాలి, మామూలుగా గంటకు 30 కిలోమీటర్లు లేదా ఇంకా తక్కువ.

లెవెల్ క్రాసింగ్ వేరు. అది రోడ్డు, పట్టాలు కలిసే చోటు. రెండింటినీ జనం 'క్రాసింగ్' అనే అంటారు కాబట్టి గుర్తుపెట్టుకోవాలి.

రెండు క్రాసింగ్ స్టేషన్ల మధ్య ఒకసారికి ఒక్క రైలే ఉండాలి. ఈ నియమం తప్పితే ఎదురెదురుగా గుద్దుకోవడమే. పాత రోజుల్లో దీనికి టోకెన్ పద్ధతి ఉండేది. రెండు స్టేషన్లలో తీగతో కలిపిన రెండు యంత్రాలు ఉంటాయి. పక్క స్టేషన్ మాస్టరు 'లైన్ క్లియర్' ఇస్తేనే ఇక్కడి యంత్రంలోంచి లోహపు బంతి ఒకటి బయటికొస్తుంది. అది రెండో వైపు చేరి అక్కడి యంత్రంలో పడేదాకా ఇంకో బంతి రాదు. ఆ బంతిని సంచిలో పెట్టి, పెద్ద రింగుకు కట్టి డ్రైవర్‌కు అందించేవాళ్లు. రైలు ఆగకుండా పోతుంటే సిబ్బంది ప్లాట్‌ఫారం మీద చెయ్యి చాచి నిలబడేవాళ్లు. డ్రైవర్ చేతిలో బంతి ఉంటే ముందున్న పట్టా తనదని అర్థం. ఇప్పుడు ఆ పని సిగ్నల్ దీపాలు, రైలు చక్రాలు లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్లు చేస్తున్నాయి. నియమం మాత్రం అదే.

ఎవరు ఆగాలి

చిన్న లెక్క చూద్దాం. రెండు స్టేషన్ల మధ్య 10 కిలోమీటర్లు ఉంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలుకు 10 నిమిషాలు పడుతుంది. అది చేరేదాకా ఇవతల రైలు లూపులో ఆగాల్సిందే. ఎదురు రైలు లేటైతే ఈ రైలూ లేటు. తర్వాతి స్టేషన్లో దీని కోసం ఇంకో రైలు ఆగుతుంది. అట్లా ఒక ఆలస్యం లైనంతా పాకుతుంది.

ఎవరు ఆగాలో కంట్రోల్ ఆఫీసు చెప్తుంది. మామూలుగా ఎక్స్‌ప్రెస్‌కు దారిచ్చి ప్యాసింజర్‌ను లూపులో పెడతారు. అంటే పల్లెల్లో ఎక్కి కామారెడ్డి, నిజామాబాద్, హైదరాబాద్ పనులకు పోయే వాళ్ల రైలే ఎక్కువగా ఆగుతుంది. దినకూలీలు, కూరగాయలు అమ్ముకునే ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు ఎక్కే బండి అదే. వాళ్లకు అరగంట ఆలస్యం అంటే ఒక్కోసారి ఆ రోజు పని పోయినట్టే.

మెదక్‌కు రైలు

మెదక్ పేరుతో జిల్లా ఉంది, కోట ఉంది, ఊరూరా తెలిసిన పెద్ద చర్చి ఉంది. కానీ పాత లైను పట్టణానికి దూరంగా పోయింది. 1980లో ఇందిరా గాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. ప్రధాని నియోజకవర్గమైనా పట్టణానికి రైలు రాలేదు. ఉమ్మడి జిల్లా కేంద్రంగా ఉన్న సంగారెడ్డికి ఇప్పటికీ రైల్వే స్టేషన్ లేదు.

అక్కన్నపేట నుంచి మెదక్‌కు కొత్త లైను 2012-13లో మంజూరైంది. ఖర్చును రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం చెరి సగం పెట్టుకునే పద్ధతిలో కట్టారు. పొడవు 17.2 కిలోమీటర్లే, మధ్యలో లక్ష్మాపూర్, శమ్నాపూర్ స్టేషన్లు. అయినా పూర్తవడానికి పదేళ్లు పట్టింది. 2022 సెప్టెంబర్ 23న కేంద్ర మంత్రి కిషన్ రెడ్డి ప్రారంభించారు. కాచిగూడ, మెదక్ మధ్య ప్యాసింజర్ నడిచింది. ఆ రోజు నుంచి అక్కన్నపేట జంక్షన్.

ఇదే లైనులో మనోహరాబాద్‌కు కూడా ఇట్లాగే జరిగింది. అక్కడి నుంచి గజ్వేల్ మీదుగా వేసిన కొత్త లైనులో 2023 అక్టోబర్‌లో సిద్దిపేటకు రైలు మొదలైంది. పాత లైను పక్కన పెట్టిన పట్టణాలకు చిన్న స్టేషన్ల నుంచే కొమ్మలు వేస్తున్నారు.

ప్రమాదాలు, వరదలు

ఈ లైను పేరు చెప్తే మాసాయిపేట గుర్తుకు రాకుండా ఉండదు. 2014 జూలై 24న అక్కడ కాపలా లేని లెవెల్ క్రాసింగ్ దగ్గర స్కూలు బస్సును నాందేడ్ నుంచి వస్తున్న ప్యాసింజర్ రైలు ఢీకొట్టింది. పిల్లలు చాలామంది చనిపోయారు. గేటు, గేటు దగ్గర మనిషి ఉండాలన్న డిమాండ్ దేశమంతా గట్టిగా వినబడింది. 2019 జనవరి చివరికి బ్రాడ్ గేజ్ లైన్లలో కాపలా లేని క్రాసింగులు లేకుండా చేశారు. కొన్నిచోట్ల గేటు పెట్టారు, కొన్నిచోట్ల కింద నుంచి దారి తీశారు.

2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో కురిసిన భారీ వానలకు భిక్కనూర్, తలమడ్ల మధ్య, అక్కన్నపేట, మెదక్ మధ్య నీళ్లు పట్టాల మీదికొచ్చాయి. రైళ్లు రద్దు చేశారు, కొన్నిటిని దారి మళ్లించారు. ఒంటి లైనులో ఒకచోట తెగితే పక్కన ఇంకో పట్టా ఉండదు. లైను మొత్తం ఆగిపోతుంది.

రెండో లైను వస్తే ఏమవుతుంది

మేడ్చల్ నుంచి ముద్ఖేడ్ దాకా రెండో లైను వేయడానికి 2023 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. ఇది మంచి వార్తే. ఎదురు రైలు కోసం ఆగే బాధ పోతుంది, ఎక్కువ రైళ్లు నడపొచ్చు.

కానీ చిన్న స్టేషన్ల సంగతి వేరేగా ఆలోచించాలి. రైల్వేలో ఆగడం రెండు రకాలు. ఒకటి క్రాసింగ్ కోసం ఆగడం, అది టైం టేబుల్‌లో ప్రయాణికుల కోసం పెట్టింది కాదు. రెండోది ప్రయాణికులు ఎక్కి దిగడానికి ఇచ్చిన హాల్ట్. క్రాసింగ్ పడి ఆగిన రైలులో జనం ఎక్కడం, దిగడం ఒంటి లైన్లలో మామూలే. ఆ ఆగడాన్ని తమ ఊరి హక్కు అనుకుంటారు. రెండో లైను వచ్చిన రోజు అది పోతుంది. మిగిలేది కాగితం మీద ఉన్న హాల్ట్ ఒక్కటే.

హాల్ట్ ఇచ్చేటప్పుడు రైల్వే ముఖ్యంగా చూసేది టికెట్ల లెక్క. ఒక రైలు ఆగి, మళ్లీ వేగం అందుకోవడానికి అయ్యే ఖర్చు, టైం ఒకవైపు. ఆ స్టేషన్లో అమ్ముడయ్యే టికెట్లు ఇంకోవైపు. చాలాసార్లు ముందు ప్రయోగాత్మకంగా హాల్ట్ ఇస్తారు. ఆ గడువులో టికెట్లు బాగా పోతే ఉంచుతారు, లేదంటే తీసేస్తారు.

హాల్ట్ పోతే ఎట్లా ఉంటుందో కరోనా తర్వాత చూశాం. 2020 మార్చిలో ప్యాసింజర్ రైళ్లు ఆగిపోయాయి. మళ్లీ మొదలైనప్పుడు దేశంలో చాలా రైళ్లను ఎక్స్‌ప్రెస్ స్పెషల్ పేరుతో నడిపారు. చాలా చిన్న స్టేషన్లలో హాల్ట్‌లు తీసేశారు. కనీస టికెట్ 10 రూపాయల నుంచి 30 అయింది. 2024 ఫిబ్రవరి చివర్లో గానీ పాత చార్జీ మళ్లీ రాలేదు.

అక్కన్నపేటకు ఇప్పుడు ఒక ధీమా ఉంది. మెదక్ కొమ్మ ఉన్నంతకాలం జంక్షన్‌గా దానికి పని ఉంటుంది. తలమడ్ల, వడియారం లాంటి స్టేషన్లకు అట్లాంటి కొమ్మ లేదు. వాటికి ప్రయాణికులే ఆధారం.

మరి ఊరి వాళ్లు చేయగలిగింది ఏంటి? రైలు ఎక్కే స్టేషన్ పేరు మీదే టికెట్ తీసుకోవాలి, దగ్గరే కదా అని వదిలేయొద్దు. ఫోన్ యాప్‌లో తీసుకున్నా ఎక్కే స్టేషన్ సరిగ్గా పెట్టాలి. రోజూ పోయేవాళ్లు సీజన్ టికెట్ తమ స్టేషన్ నుంచే చేయించుకోవాలి. హాల్ట్ కావాలంటే ఏ రైలు, ఏ టైం, ఎందరికి అవసరం అని రాసి సికింద్రాబాద్‌లోని డివిజన్ అధికారులకు, ఎంపీకి ఇవ్వాలి. ఊరికే 'రైలు ఆపండి' అంటే ఫైలు కదలదు. ఆ స్టేషన్లో అమ్ముడైన టికెట్ల సంఖ్య ఎంతో సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగొచ్చు. రెండో లైను పనులు పూర్తయ్యేలోపే ఆ లెక్క చేతిలో ఉంటే మంచిది.